మిషనుకు బొట్టు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను కాగితాల మీద పెట్టిన టిక్కులు ఎన్ని వేలో నాకే తెలియదు. ఫిజియోథెరపీ వాళ్ల బతుకే అంత. రోగి మోకాలు వంచాడు, టిక్కు. గోడ పట్టుకుని పది అడుగులు వేశాడు, టిక్కు. వాటిలో ఒక్క టిక్కు మాత్రం ఇప్పటికీ నన్ను చూసి పళ్లికిలిస్తుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు మా ఇంటికి వస్తే కాఫీ ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి మరీ ఈ సంగతి చెప్తాను. కాఫీ తాగాక పారిపోవడానికి వాళ్లకు మొహమాటం. మీరూ కాసేపు కూర్చోండి.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. హోసూరులో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేసేదాన్ని. మత్తిగిరిలో కాపురం, మోపెడ్ మీద డ్యూటీ. నెలకు రెండు శనివారాలు బెంగళూరు నుంచి నరాల డాక్టరు ఒకాయన వచ్చేవాడు. చేతులు వణికేవాళ్లు, ఒళ్లు బిగుసుకుపోయినవాళ్లు, మెడ ఒక పక్కకు తిరిగిపోయినవాళ్లు పొద్దున్నే బస్సులు దిగి మా బెంచీలు నింపేవాళ్లు. మాత్రలు పనిచేయడం తగ్గిపోయినవాళ్లలో కొందరికి ఒక ఆపరేషను ఉందని ఆయనే మాకు చెప్పాడు. మెదడు లోపలికి సన్నని తీగలు దించుతారు. కాలర్ ఎముక కింద, ఎద పైభాగాన, చర్మం లోపల బ్యాటరీ పెట్టె ఒకటి అమరుస్తారు. ఆ పెట్టె రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా కరెంటు పంపుతూ ఉంటే వణుకు అణుగుతుంది. జబ్బు పోదు, చెయ్యి మాత్రం మన మాట వింటుంది.

మా సీనియర్ నర్సు తమిళావిడ. అందరం ఆమెను సిస్టర్ అనేవాళ్లం. నాలుగు భాషల్లో తిట్టగలదు. డాక్టరు చెప్పిందంతా విని, "మా హోసూర్ల దినానికి నాలుగు తూర్లు కరెంటు పోతుంది సార్, అప్పుడు ఏం జేస్తారు?" అంది. బ్యాటరీకీ, కరెంటు ఆఫీసుకూ సంబంధం లేదని ఆయన చాలా ఓపికగా వివరించాడు. ఆమెకు ముందే తెలుసని ఆయనకు తెలియదు.

మా దగ్గర్నుంచి ఆ ఆపరేషనుకు వెళ్లిన మొదటి మనిషి ఒక అంటు కట్టే ఆయన. కృష్ణగిరి దాటాక లోపలికి పోయే దారిలో వాళ్ల ఊరు. మామిడి నర్సరీల్లో చిన్నప్పటి నుంచీ అదే పని. నాటు టెంక నుంచి మొలిచిన మొక్కను ఏటవాలుగా కోసి, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను అదే వాలులో చెక్కి, తొక్కకు తొక్క కలిసేలా ఆనించి ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టాలి. వెంట్రుకవాసి జరిగినా పుల్ల ఎండిపోతుంది. అలాంటి పని చేసే మనిషికి కుడి బొటనవేలు వణకడం మొదలై, రెండు చేతులకూ పాకి, యాభై దాటేసరికి అన్నం ముద్ద నోటికి చేరడమే గగనమైంది.

వాళ్లకో ఆనవాయితీ ఉంది. ఆయుధపూజ నాడు కత్తి, కత్తెర, పట్టీ చుట్ట దేవుడి ముందు పెట్టి బొట్లు పెడతారు. ఆ రోజు వాటిని ముట్టరు. మరునాడు విజయదశమికి, పొద్దు తిరగకముందే, అదే కత్తితో ఒక్క అంటైనా కట్టాలి. నాలుగేళ్లుగా ఆయన కట్టలేదు. మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు, నడక ఎలా ఉందన్నా అని అడిగితే దాని గురించే చెప్పాడు.

"నడవలేకుంటే కూసుంటానమ్మా. అన్నం ఈమె తినిపిస్తుంది. దసరాకి ఒక్క అంటు కట్టాల నేను. అంతకంటే ఇంకేం అడగను."

పక్కన ఆయన భార్య. పొట్టి మనిషి. మాట తక్కువ, కళ్లు ఎక్కువ. ఆయన చొక్కా గుండీలు పెట్టడం, విప్పడం, మీసం కత్తిరించడం అన్నీ ఆమే.

ఆపరేషనుకు నన్ను బెంగళూరు రమ్మన్నారు. నా గొప్ప కాదు, నా తెలుగు గొప్ప. ఆ ఆపరేషను చేసేటప్పుడు రోగి మెలకువగా ఉండాలి. చెయ్యి ఎత్తు, వేళ్లు ఆడించు, లెక్కపెట్టు అని చెప్తూ, తీగ సరైన చోటుకు చేరిందో లేదో చూసుకోవాలి. సర్జనుకు వచ్చింది కన్నడమూ ఇంగ్లీషూ. ఈయనకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చినా, తలకు ఇనుప చట్రం బిగించాక తెలుగు తప్ప అన్నీ మర్చిపోయాడు.

నేను ఆయన మొహం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. జేబులో ఒక మామిడి పుల్ల, పట్టీ ముక్క తీసుకెళ్లి ముందే సిస్టర్‌తో శుభ్రం చేయించి ఉంచాను. కరెంటు కొంచెం కొంచెం పెంచుతున్నారు. చెయ్యి వణుకుతూనే ఉంది. ఉన్నట్టుండి, ఫ్యాను ఆపితే రెక్కలు నిదానించినట్టు, వేళ్లు నిదానించి ఆగిపోయాయి. పుల్ల చేతికిచ్చాను. ఆయన పట్టీ చుట్టాడు. ఒక చుట్టు, రెండు చుట్లు, ముడి. నాకు మాస్కు లోపల కన్నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి లేదు.

"తొక్కకు తొక్క అంటిందా అని సర్జను సారును అడుగమ్మా," అన్నాడాయన.

నేను కన్నడంలో అడిగాను. తెర అవతలి నుంచి, "అంటింది, ఇంక కదిలించను" అని జవాబు వచ్చింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇప్పుడు నా టిక్కు.

ఆ రోజుల్లో ఆ పెట్టెను ఆపడానికి, నడపడానికి గుండ్రని నల్లటి మ్యాగ్నెట్ బిళ్ళ ఒకటి ఇచ్చేవాళ్లు. ఎద మీద పెట్టె ఉన్నచోట ఒకటి రెండు సెకన్లు ఆనిస్తే పెట్టె ఆగిపోతుంది. మళ్లీ ఆనిస్తే నడుస్తుంది. ఆగిందో నడుస్తుందో చెప్పే దీపం గీపం ఏమీ ఉండదు, మనిషిని చూసి తెలుసుకోవాల్సిందే. అందుకే ఇంట్లోవాళ్లకు ఒకసారి ఆపి చూపించి, వాళ్ల చేత మళ్లీ నడిపించి, 'కుటుంబానికి నేర్పడమైనది' అన్న చోట టిక్కు పెట్టి సంతకం చేయాలి. ఆ పని నాది.

ఆపరేషను తర్వాత చూపించుకోవడానికి వచ్చిన శనివారం ఆయన మా గదిలో కూర్చుని, సిస్టర్ ఇచ్చిన కాఫీ గ్లాసును ఒంటి చేత్తో ఎత్తి తాగాడు. ఒక్క చుక్క ఒలకలేదు. ఆయన భార్య ఆ గ్లాసునే చూస్తోంది. ఆమె మొహంలో ఆ వెలుగు చూశాక, ఇప్పుడు బిళ్ళ పెట్టి ఆయన్ను మళ్లీ వణికించడానికి నాకు మనసు రాలేదు. పైగా బయట బెంచీలు నిండి ఉన్నాయి. వచ్చేసారి నేర్పుదాంలే అనుకున్నాను. బిళ్ళను డబ్బాలో పెట్టి ఆమె చేతికిచ్చాను. "ఇది చాలా ముఖ్యమైంది అక్కా. పారేసుకోవద్దు. ఎక్కడికి పోయినా వెంట ఉండాలి" అన్నాను. టిక్కు పెట్టాను. సంతకమూ చేశాను.

సిస్టర్ కాగితం తీసుకుంటూ, "నేర్పినావా?" అంది.

"ఆఁ."

"నేను ఈడనే ఉంటిని. నాకు కనపడలేదే."

"మీరు కాఫీకి పోయినప్పుడు," అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేది. ఆ వచ్చేసారి రెండుసార్లు వచ్చి వెళ్లింది కూడా. రెండుసార్లూ నేను మర్చిపోయాను.

విజయదశమి పొద్దున్నే ఆసుపత్రిలో ఫోను మోగింది. సెలవు రోజు డ్యూటీ నాది. వాళ్ల ఊరి ఎస్టీడీ బూతు నుంచి ఆయన భార్య.

"అమ్మా, మిషను నిలిచిపోయింది. నిన్న సందకాడ నుంచి ఒకటే వణుకు. రాత్రంతా పక్క మీద తిరగలేకపోయినాడు. కట్టె మాదిరి బిగిసిపోయినాడమ్మా."

బెంగళూరు డాక్టరు సెల్లుకు చేశాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "పెట్టె పొరపాటున ఆగిపోయిందేమో, వాళ్లు బిళ్ళతో చూశారా? నేర్పారు కదా మీరు?"

"నేర్పాను సార్," అన్నాను.

పిల్లలూ, అబద్ధం చెప్పడానికి ఎంతసేపు పడుతుందో ఎప్పుడైనా చూసుకున్నారా? ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టదు.

నేర్పి ఉంటే వాళ్లకు తెలిసేది కాబట్టి పెట్టె ఆగిపోయి ఉండదు, తీగ తెగిందో పక్కకు జరిగిందో అయ్యుంటుందని ఆయన లెక్క వేశాడు. ఏమీ తినిపించకుండా వెంటనే తీసుకురమ్మన్నాడు. పరీక్షలు చేసి, అవసరమైతే తల మళ్లీ తెరవాలన్నాడు. సెలవు రోజయినా థియేటరు మనుషులను పిలిపిస్తానన్నాడు.

మా ఆంబులెన్సు నిన్నటి పూజతో పెళ్లికొడుకులా ఉంది. ముందు రెండు అరటి పిలకలు, అద్దానికి అడ్డంగా బంతిపూల దండ, చుట్టూ గంధం బొట్లు. డ్రైవరు కర్పూరం వెలిగించనిదే కదలనన్నాడు. "పూజ చేసిన బండి మేడం, మొదటి ట్రిప్పు సుమ్మనే, ఊరికే తీసేది లేదు." సిస్టర్ వచ్చి నాలుగు భాషల్లో రెండు వాడేసరికి కర్పూరం తొందరగా వెలిగింది.

ఊరు చేరేసరికి ఆయన గోడకు ఆనించిన మూటలా ఉన్నాడు. రెండు చేతులూ ఒకటే వణుకు, మొహంలో కదలిక లేదు. దేవుడి పటం ముందు కత్తి, కత్తెర, పట్టీ చుట్ట బొట్లతో అలాగే ఉన్నాయి. వాటి పక్కన కుండీలో ఒక మామిడి మొక్క, తడిగుడ్డలో చుట్టిన పుల్ల. అన్నీ సిద్ధంగా పెట్టుకున్నారు. నేను అటు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను.

"ఆ బిళ్ళ దగ్గరికి ఎప్పుడైనా పోయినారా అక్కా?" అని అడిగాను.

"లేదమ్మా. డబ్బాలో భద్రంగా ఉంది," అంది ఆమె. నేల చూస్తూ అంది.

నేనే ఒకసారి బిళ్ళ ఆనించి చూసి ఉండొచ్చు. మీకు ఆ మాట అనిపించే ఉంటుంది. చెయ్యి రాలేదు. పెట్టె నడుస్తూనే ఉండి, తీగ తెగి ఉంటే నేను వేలు పెట్టి ఇంకేం చెడగొడతానో అని భయం. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. బిళ్ళ బయటికి తీస్తే నేర్పలేదన్న సంగతీ బయటికి వస్తుంది. అందుకని నేను ఏం చేశానో తెలుసా? రోగిని కోప్పడ్డాను. "బరువు ఎత్తినావా అన్నా? పార పట్టినావా? ఎన్నిసార్లు చెప్పినాను!" ఆయన నోరు విప్పలేక తల అడ్డంగా ఊపాడు. ఆ తల ఊపడం కూడా వణుకులో కలిసిపోయింది.

బండి బెంగళూరు దారి పట్టింది. ఆయన్ను పడుకోబెట్టి నేనొక పక్క, ఆమె ఒక పక్క. మధ్యలో ఆయన చెయ్యి బండి రేకుకు తగిలి టకటక కొట్టుకుంటోంది. ఆమె ఒడిలో ఆ డబ్బా. ఎక్కడికి పోయినా వెంట ఉండాలన్నానుగా, తెచ్చుకుంది. ఆ మాట ఒక్కటే నేను నేర్పింది, అది మాత్రం తు.చ. తప్పకుండా పాటించింది.

శూలగిరి దగ్గరపడుతుండగా ఆయనకు చెమటలు పట్టాయి. గాలి తగలాలని చొక్కా పై గుండీలు విప్పాను. ఎద మీద, సరిగ్గా పెట్టె ఉబ్బెత్తుగా కనిపించే చోట, ఎర్రగా కుంకుమ. వేలితో పెట్టిన బొట్టు అలా ఉండదు. గుండ్రంగా, వెడల్పుగా, ముద్ర గుద్దినట్టు ఉంది. నేను ఆ ముద్రను చూశాను. ఆమె ఒడిలోని డబ్బాను చూశాను.

"అక్కా, ఇది ఏంది?"

ఆమె ఏడుపు అందుకుంది. నిన్నటి నుంచి గొంతులో కుక్కుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"కత్తికి పెట్టినా, కత్తెరకి పెట్టినా. ఆయన చేతిని మళ్లా ఆడించింది ఆ మిషను కదమ్మా? దానికి పెట్టకుంటే ఎట్ల? అది తోలు లోపల ఉంది, దానికి బొట్టు అందదు. ఈ బిళ్ళ కూడా దాందే కదా అని, దీనికి కుంకుమ అద్ది ఆయన ఎద మీద ఆనించి దండం పెట్టుకున్నా. ఆయన కండ్లు మూసుకోనుండాడు. కండ్లు తెరిచేసరికి వణుకు. నేనే చెడగొట్టినాను అనుకున్యా. మీకు చెప్తే మీరేమంటారో, మా మరుదులేమంటారో అని డబ్బాలో పెట్టేసినా."

ఆ బండిలో మేమిద్దరం దొంగలం ఎదురెదురుగా కూర్చున్నామన్నమాట. ఒక దొంగకు తెలియక జరిగింది. రెండో దొంగ జీతం తీసుకునేది.

"బండి ఆపప్పా," అని అరిచాను. డ్రైవరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గోడ పక్కన ఆపాడు. డబ్బా తెరిచాను. బిళ్ళ నిండా పసుపు, కుంకుమ, మధ్యలో ఒక మల్లెరేకు అంటుకుని ఉంది. తుడవలేదు నేను. తుడవబుద్ధి కాలేదు. అదే కుంకుమ ముద్ర మీద ఆనించి ఒకటి, రెండు అని లెక్కపెట్టి తీశాను.

రేకు మీద టకటక నిదానించింది. ఆగింది. బయట లారీల మోత అప్పుడు వినబడింది నాకు. కాళ్ల బిగువు వదలడానికి ఇంకాస్త సేపు పట్టిందిగానీ, చెయ్యి మాత్రం ఆయన పొట్ట మీద బుద్ధిగా పడుకుంది. ఆమె ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. నేనూ అంతే. డ్రైవరు వెనక్కి తిరిగి చూసి, "చూసినారా మేడం, కర్పూరం!" అన్నాడు. ఆ రోజు వాడిని ఎవరం కాదనలేదు.

ఆమె భక్తి ఇంకొంచెం ఎక్కువై రెండుసార్లు ఆనించి ఉంటే మాకు ఏమీ తెలిసేదే కాదు. ఒక్కసారితో సరిపెట్టింది. ఆ తర్వాత ఎన్నోసార్లు ఇది తలచుకుని నవ్వుకున్నాను. ఆ క్షణాన మాత్రం తెరవబోయిన తల ఆగిందన్న ఒక్క ఊరట తప్ప నాకు ఇంకేమీ లేదు.

ఆయన పెదాలు కదిలాయి. "బండి తిప్పప్పా. పొద్దు తిరగలే ఇంకా."

శూలగిరి బూతు నుంచి డాక్టరుకు ఫోను చేశాను. జరిగింది చెప్పాను. అవతల ఆయన పగలబడి నవ్వాడు. నవ్వు ఆపి, "నేర్పానన్నారు కదా?" అన్నాడు.

బూతులో బిల్లు మీటరు అంకెలు తిరుగుతున్నాయి. ఊపిరి తీసుకోవడానికి ఈసారి చాలాసేపు పట్టింది.

"నేర్పలేదు సార్. ఉత్తదే టిక్కు పెట్టాను. పొద్దున మీకూ అబద్ధం చెప్పాను."

"థియేటరు వద్దని చెప్తాను," అన్నాడాయన. గొంతులో నవ్వు లేదు. "మీరు ఇప్పుడు వెళ్లి నేర్పి రండి. సోమవారం ఆ కాగితం నాకు ఫ్యాక్సు చేయండి."

ఆయన పెట్టిన చీవాట్లు అంతే. నాకు మాత్రం అవి మిగిలిన సర్వీసంతటికీ సరిపోయాయి.

ఇంటికి చేరగానే అందరూ అంటు సంగతి చూడబోయారు. నేను ఆపాను. ముందు ఇది, అన్నాను. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బిళ్ళ ఆమె చేతికిచ్చాను. ఆనించమన్నాను. ఆమె వెనక్కి తగ్గింది.

"వద్దమ్మా. నిలిచిపోతుంది."

"నిలవాల అక్కా. నీ చేత్తోనే నిలవాల, నీ చేత్తోనే నడవాల."

ఆమె నన్ను చూసి, ఆయన్ను చూసింది. "నేర్చుకో," అన్నాడాయన. "నేను తట్టుకుంటా."

ఆనించింది. వణుకు ఎగదన్నింది. ఆమె పెదవి కొరుక్కుంది. నేను కదల్లేదు. ఆ రోజు కాఫీ గ్లాసు ముందు నేను తప్పించుకున్నది సరిగ్గా ఈ నిమిషాన్నే. మళ్లీ ఆనించమన్నాను. వణుకు దిగింది. మూడు తూర్లు చేయించాను. మూడోసారికి ఆమె నా మొహం చూడ్డం మానేసి ఆయన వేళ్లనే చూసింది. నాకు కావలసింది అదే. "ఇంత సులభమా!" అంది, కోపంగా. ఆ కోపం నా మీదే. నేను దాన్ని తలవంచుకుని తీసుకున్నాను.

సోమవారం ఆ కాగితం మీద పాత టిక్కు కొట్టేసి, పక్కన కొత్త తేదీ వేసి, మళ్లీ టిక్కు పెట్టాను. సిస్టర్ చదివి, "కాఫీకి పోయినప్పుడా?" అంది. తర్వాత వచ్చిన ప్రతి కుటుంబానికీ, మనసు వచ్చినా రాకున్నా, ముందు ఆపి చూపించాను.

ఆ విజయదశమి సంగతి ఇంకొంచెం ఉంది. పొద్దు నడినెత్తికి రావడానికి కాస్త ముందు ఆయన పటం దగ్గరికి చిన్న చిన్న అడుగులతో నడిచి కత్తి తీసుకున్నాడు. మొక్కను కోశాడు. తడిగుడ్డలోంచి పుల్ల తీసి చెక్కాడు. మునుపటి వేగం లేదు. చెక్కడానికే చాలాసేపు పట్టింది. రెండూ ఆనించి, పట్టీ ఒక కొన పళ్లతో పట్టుకుని, ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు. ముడి బిగించాడు. కుండీని వెలుగులోకి ఎత్తి, ఒక కన్ను మూసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఈసారి ఎవరినీ అడగలేదు.

"తొక్కకు తొక్క అంటింది," అన్నాడు.